మీ కుక్కగారి ఎర్ర కోటు గురించి నాలుగు ముక్కలు

“అన్నా, మీ కోటు ఎక్కడ కొన్నారు? మాకు ఆన్‌లైన్లో ఇరవై ఐదు డాలర్లకే వచ్చేసింది!”

నా కోటు గురించి కాదండీ, మా కుక్క కోటు గురించి. 2024 డిసెంబరులో ఓ శనివారం సాయంత్రం, డాలస్ శివార్లలో ఒక పెద్ద కొట్లో, ముక్కూ మొహం తెలియని ఓ తెలుగు కుర్రాడు నన్ను అడిగిన ప్రశ్న ఇది. అతని షాపింగ్ కార్టులో, చంటిపిల్లల్ని కూర్చోబెట్టే చోట, ఓ బుల్లి బొచ్చుకుక్క. దానికి ఎర్ర కోటు. కోటు మీద తెల్లటి అక్షరాలు.. ‘సర్వీస్ డాగ్’ అని.

అప్పటికి రెండు నిమిషాల ముందే ఆ బొచ్చుకుక్క కార్టులోంచి దూకి మా కుక్క చెవి కొరికింది.

ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. “సారీ అన్నా, ఆడుకుంటోంది, ఏం చెయ్యదు” అన్నాడు. ఆ తర్వాత మా కుక్క కోటు చూసి, మనిద్దరం ఒకే బాపతు అనుకుని, ఆ కోటు ధర అడిగాడు. నాకు కోపం వచ్చింది చెవి కొరికినందుక్కాదు. మాది కూడా దొంగ కోటే అయ్యుంటుందని అంత ధీమాగా అనుకున్నందుకు. అంటే మనవాళ్ళలో ఈ పని ఎంత మామూలైపోయిందో చూడండి! మా ఆఫీసులోనే ముగ్గురున్నారు ఇలాంటివాళ్ళు. అందరూ మంచివాళ్ళే, టాక్సులు కట్టేవాళ్ళే, అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే లేచి సర్దేవాళ్ళే. కుక్కకి మాత్రం అబద్ధం తొడుగుతారు.

ఇక్కణ్ణుంచి కాస్త ఘాటుగానే ఉంటుంది. ముందే చెప్పేస్తున్నా.

ముందు మావాడి సంగతి చెప్పాలి. లేకపోతే ‘కుక్క గురించి ఇంత గొడవేంట్రా బాబూ’ అనుకుంటారు.

మా చిన్నాడికి ఇప్పుడు ఏడేళ్ళు. రెండున్నరేళ్ళప్పుడు ఆటిజం అని తేల్చారు. మాటలు ఇప్పటికీ తక్కువే. ‘నీళ్ళు’, ‘వద్దు’, ‘బిక్కి’ (ఇది మా కుక్క పేరు, వాడి భాషలో), ఇంకో పాతిక మాటలు. మాటలు రాకపోవడం కాదు మా అసలు భయం. పరుగు. ఏదో ఒక క్షణంలో, ఎందుకో మనకి తెలీదు, వాడు పరిగెత్తుతాడు. రోడ్డుందా, కార్లొస్తున్నాయా అనేది వాడి లెక్కలో ఉండదు. పిలిస్తే వెనక్కి చూడడు. 2012లో ‘పీడియాట్రిక్స్’ అనే వైద్య పత్రికలో ఒక సర్వే వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగంమంది నాలుగేళ్ళు దాటాక కూడా ఒక్కసారైనా ఇలా ఇంట్లోంచో బళ్ళోంచో తప్పించుకుపోయే ప్రయత్నం చేశారని వాళ్ళ తల్లిదండ్రులు చెప్పారందులో. అలా వెళ్ళిపోయిన పిల్లలకి అన్నిటికన్నా పెద్ద గండాలు నీళ్ళూ, రోడ్లూ.

మాకు ఆ సర్వే చదవాల్సిన అవసరం రాలేదు. 2021 వేసవిలో అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంది. ఓ ఆదివారం మధ్యాహ్నం కరివేపాకు కోద్దామని పెరటి తలుపు తీసింది. అంతే. పదకొండు నిమిషాలు. అపార్ట్‌మెంట్ల వెనక వాననీళ్ళ చెరువొకటుంది. గట్టు మీద దొరికాడు. బూట్లు తడిసి ఉన్నాయి. అమ్మ ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ తలుపు తను తియ్యదు. కరివేపాకు కావాలంటే నన్ను పిలుస్తుంది.

ఆ తర్వాత వారమే సర్వీస్ డాగ్ కోసం దరఖాస్తు పెట్టాం. రెండేళ్ళు ఎదురుచూశాం. మా వాటాకి ఇరవై వేల డాలర్ల పైచిలుకు పడింది. ఇన్సూరెన్స్ ఒక్క పైసా ఇవ్వలేదు (టాక్సు లెక్కల్లో మాత్రం దాన్ని వైద్య ఖర్చు కింద చూపించుకోవచ్చు, ఐఆర్‌ఎస్ ఒప్పుకుంటుంది. అవసరమున్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి). కుక్కతో పాటు మాకూ పది రోజుల శిక్షణ. 2023లో ‘బిస్కట్’ మా ఇంటికొచ్చింది. పచ్చరంగు లాబ్రడార్. అమ్మ దాన్ని ‘బిస్కత్తూ’ అని పిలుస్తుంది. తెలుగు కూడా అర్థం చేసుకుంటోందిప్పుడు, మన ఖర్మ :)

ఇంతకీ అది చేసే పనేంటంటారా? మావాడి నడుముకి ఒక బెల్టు. ఆ బెల్టు నుంచి బిస్కట్ జీనుకి ఒక తాడు. బిస్కట్ గొలుసు మా చేతిలో. ముగ్గురం కలిస్తే ఒక జట్టు. వాడు పరుగు మొదలెట్టగానే తాడు బిగుస్తుంది, బిస్కట్ అక్కడే కాళ్ళు ఊని నిలబడిపోతుంది. వాడు ఎంత లాగినా కదలదు. ఆ మూడు క్షణాలు చాలు, నేను పట్టుకోవడానికి. కొట్లో లైట్లకీ చప్పుళ్ళకీ వాడు తల నేలకేసి కొట్టుకోబోతే, వెళ్ళి వాడి ఒళ్ళో బరువంతా వేసి పడుకుంటుంది. ఆ బరువుకి వాడు నెమ్మదిస్తాడు. ఇవి ముద్దు కోసం చేసే పనులు కావు. ఒక్కోటీ నెలల తరబడి నేర్పించినవి.

బిస్కట్ వచ్చాక మేం మూడేళ్ళ తర్వాత మొదటిసారి కుటుంబంగా కూరగాయలు కొనుక్కోవడానికి వెళ్ళాం. మీకిది చాలా చిన్న విషయంలా అనిపించొచ్చు. మా ఆవిడ ఆ రోజు బెండకాయల దగ్గర నిలబడి ఏడ్చింది.

సరే, ఇప్పుడు చట్టం సంగతి. మనం డాక్యుమెంటేషన్ చదవకుండా కోడు రాసే జాతి కాబట్టి ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం, ఏడీఏ, 1990లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం సర్వీస్ జంతువు అంటే కుక్క మాత్రమే (బుల్లి గుర్రాలకి విడిగా ఒక నిబంధన ఉంది, నవ్వకండి, నిజమే). ఆ కుక్కకి ఒక మనిషి వైకల్యానికి సంబంధించిన ఒక నిర్దిష్టమైన పని నేర్పించి ఉండాలి. ‘అది పక్కనుంటే నాకు హాయిగా ఉంటుంది’ అన్నది పని కిందకి రాదు. ఎమోషనల్ సపోర్ట్ జంతువులు ఈ చట్టం ప్రకారం సర్వీస్ జంతువులు కావు. అద్దె ఇళ్ళకి వేరే చట్టం ఉంది, అక్కడ లెక్క వేరు. ఆ రెండిట్నీ కలిపి ఖిచిడీ చెయ్యొద్దు.

కొట్లోవాళ్ళు మనల్ని రెండే రెండు ప్రశ్నలు అడగొచ్చు. ఈ కుక్క వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ కుక్కేనా? దీనికి ఏ పని నేర్పించారు? అంతే. కాగితాలు అడక్కూడదు, జబ్బేంటో అడక్కూడదు, చేసి చూపించమనకూడదు. ఇంకో మాట.. రిజిస్ట్రేషన్ అనేది అసలు లేనే లేదు! కోటు కూడా తప్పనిసరి కాదు! ఇంట్లోనే సొంతంగా నేర్పించుకున్నా ఫరవాలేదు. ఇంటర్నెట్లో డబ్బులు కట్టించుకుని సర్టిఫికెట్టూ, ఐడీ కార్డూ పంపే సైట్లు అమ్మేది ఉత్త ప్లాస్టిక్ ముక్క. ఆ కాగితాలకి చట్టంలో ఏ విలువా లేదని అమెరికా న్యాయశాఖే చెప్పింది.

“చూశారా, చట్టంలోనే లొసుగుంది కదా! మమ్మల్ని అంటారేం?”

వచ్చారా దారికి! మా ఆఫీసులో మొదటాయన వాదన ఇదే. అయ్యా, అది లొసుగు కాదు. కావాలని అలా పెట్టారు. కళ్ళు కనపడనాయన ప్రతి గుమ్మం దగ్గరా ఆగి తన గుడ్డితనానికి రుజువు చూపించాల్సిన గతి పట్టకూడదని. మూర్ఛ వచ్చే అమ్మాయి కాఫీ కొనుక్కోవడానికి తన మెడికల్ ఫైలు తెరవాల్సిన పని ఉండకూడదని. సమాజం ‘నీ మాట నమ్ముతున్నాం, లోపలికి రా’ అంది. మన భాషలో చెప్పాలంటే పాస్‌వర్డ్ లేని సర్వరు అది. పాస్‌వర్డ్ పెట్టడం చేతకాక కాదు, పెడితే అసలు యూజర్లే బయట నిలబడిపోతారని. అలాంటి సర్వర్లోకి దూరి ‘ఆహా నేను హ్యాక్ చేశాను’ అని చంకలు గుద్దుకోవడం తెలివంటారా?

అలా దూరితే చివరికి ఏమవుతుందో కూడా మన కళ్ళ ముందే ఉంది. విమానాల్లో ఇదివరకు ఎమోషనల్ సపోర్ట్ జంతువుల్ని డబ్బులు లేకుండా ఎక్కించేవాళ్ళు. జనం రెచ్చిపోయారు. 2018 జనవరిలో న్యూవర్క్ విమానాశ్రయానికి ఒకావిడ నెమలిని తీసుకొచ్చింది (ఎక్కనివ్వలేదు లెండి). చూసీ చూసీ 2020 డిసెంబరులో రవాణాశాఖ కొత్త నిబంధన తెచ్చింది, 2021 జనవరి నుంచి అమలు. ఎమోషనల్ సపోర్ట్ జంతువుల్ని ఎక్కించుకోవాల్సిన బాధ్యత విమానాలకి లేదిక. బాగానే ఉంది. కానీ దాంతో పాటే నిజమైన సర్వీస్ కుక్క ఉన్నవాళ్ళని కూడా ఫారాలు అడిగే హక్కు వాళ్ళకి వచ్చింది. ఎనిమిది గంటలు దాటే ప్రయాణమైతే కుక్క అవసరాల గురించి ఇంకో ఫారం. నెమళ్ళవాళ్ళు చక్కగా ఇళ్ళకి పోయారు. ఫారాలు నింపుతున్నది మేము!

రేపు కొట్ల దగ్గరా ఇదే జరిగితే? ప్రతి గుమ్మం దగ్గరా కాగితం చూపించు, కుక్క చేత పని చేయించి చూపించు అంటే? మావాడు క్యూలో రెండు నిమిషాలు నిలబడలేడండీ. అసలు కుక్క తెచ్చుకున్నదే అందుకు.

రెండో వాదన: “దీనివల్ల ఎవరికి నష్టం చెప్పండి? మా కుక్క ఎవర్నీ ఏమీ అనదు.”

నష్టం లెక్క చెప్తా వినండి. ఆ శనివారం బిస్కట్ చెవి నుంచి రక్తం కారింది. అది మొరగలేదు, తిరగబడలేదు. తాడుకి అవతలి కొసలో మావాడున్నాడు కదా, వాణ్ణి లాగెయ్యకూడదని నేర్పారు దానికి. అలాగే వణుకుతూ నేల మీద పడుకుంది. మావాడు చెవులు మూసుకుని ఒకటే కేకలు. చెవికి మూడు కుట్లు. అది పెద్ద విషయం కాదు, మానిపోయింది. తర్వాతది అసలు దెబ్బ. షాపింగ్ కార్టు చప్పుడు వింటే చాలు, బిస్కట్ ఆగిపోవడం మొదలుపెట్టింది. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని నా కాళ్ళ వెనక్కి వచ్చేది. కార్టు చూసి భయపడే కుక్కకి పిల్లాణ్ణి కట్టి కొట్లోకి తీసుకెళ్ళలేం. ట్రైనరుకి చూపించాం. “మళ్ళీ మొదట్నుంచీ నేర్పిద్దాం. కుదరకపోతే దీన్ని రిటైర్ చెయ్యాల్సి వస్తుంది” అంది ఆవిడ. వయసెంత? నాలుగేళ్ళు. రిటైర్మెంట్!

నాలుగు నెలలు పట్టింది. మొదట పార్కింగులో ఖాళీ కార్టుకి యాభై అడుగుల దూరంలో కూర్చోవడం. తర్వాత నలభై. తర్వాత ముప్ఫై. రోజూ ఆఫీసు అయ్యాక నేనూ అదీ. ఆ నాలుగు నెలలూ మావాడు బడికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. రోజూ సాయంత్రం బెల్టు తెచ్చి నా చేతిలో పెట్టి, “బిక్కి. కారు.” అనేవాడు. ఎందుకు వద్దంటున్నానో వాడికి చెప్పే భాష నా దగ్గర లేదు. ఇప్పుడు బిస్కట్ బాగానే పనిచేస్తోంది. కానీ ఎదురుగా కార్టులో బొచ్చుకుక్క కనిపిస్తే ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణంలో వాడు పరుగు తీస్తే? ఇరవై ఐదు డాలర్ల కోటు ఖరీదు అదండీ.

మూడో వాదన: “అపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్ రెంట్ అని దోచేస్తున్నారు, విమానాలవాళ్ళు దోచేస్తున్నారు. వాళ్ళకి బుద్ధి చెప్పొద్దా?” తప్పకుండా చెప్పండి. మీ పేరు మీద చెప్పండి. మా పిల్లల పేరు చెప్పుకుని కాదు. పెట్ రెంట్ ఎక్కువైందని వికలాంగుడి వేషం కట్టడం, పార్కింగ్ దొరకలేదని నీలం గుర్తు ఉన్న చోట కారు పెట్టడం లాంటిదే. ఆ రెండోది చెయ్యడానికి మీకు సిగ్గేస్తుంది కదా? మరి మొదటిదానికి వెయ్యదేం?

సిగ్గు లేనివాళ్ళ కోసం చట్టం ఉంది. ఈ టెక్సస్‌లో మామూలు కుక్కని సర్వీస్ కుక్కని చెప్పి వాడుకోవడం నేరం. 2023 సెప్టెంబరు నుంచి జరిమానా 300 నుంచి 1000 డాలర్ల దాకా పెంచారు. దాంతోపాటు వికలాంగులకి సేవ చేసే సంస్థలో ముప్ఫై గంటల పని. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు రికార్డులో ఇలాంటి కేసు ఎక్కితే ఎంత తలనొప్పో ఒక్కసారి ఆలోచించుకోండి. నాకైతే జరిమానా కన్నా ఆ ముప్ఫై గంటలే నచ్చాయి. మొదటి గంటలోనే కోటు విప్పేస్తారు.

ఇప్పుడు నా గుట్టు కూడా ఒకటి చెప్పేస్తా, ‘నువ్వేదో సత్యహరిశ్చంద్రుడివా’ అని ఎవరైనా అడిగే లోపు. ఆ రెండేళ్ళు ఎదురుచూస్తున్నప్పుడు ఒక రాత్రి నేనూ ఆ సైటుకి వెళ్ళాను. స్నేహితుడి దగ్గర ఓ పెంపుడు కుక్క ఉంది, ఇస్తానన్నాడు. కోటు, కార్డు, సర్టిఫికెట్టు.. అన్నీ కార్టులో వేశాను. నా పిల్లాడి అవసరం నిజమే కదా, అబద్ధం ఎక్కడుంది అనుకున్నా. మా ఆవిడ వెనక నిలబడి చూసి ఒక్కటే అడిగింది. “వాడు రోడ్డు మీదకి పరిగెత్తితే ఆ కోటు ఆపుతుందా?” లాప్‌టాప్ మూసేశాను. కాబట్టి ఆ బటన్ నొక్కడం ఎంత తేలికో నాకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఇంత గట్టిగా అంటున్నా.

అన్నట్టు మన గుళ్ళ సంగతి కూడా చెప్పాలి. చాలామంది నేను గుడివాళ్ళ మీద విరుచుకుపడతానని అనుకుంటారు. మేం వెళ్ళే గుళ్ళో బిస్కట్‌ని లోపలికి రానివ్వమన్నారు. ఏడీఏలో కొట్లకీ హోటళ్ళకీ వర్తించే భాగం మతసంస్థలకి వర్తించదు, కాబట్టి వాళ్ళు చట్టం తప్పలేదు. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. భైరవుడి పక్కన కుక్క, దత్తాత్రేయుడి కాళ్ళ దగ్గర నాలుగు కుక్కలు, ధర్మరాజుతో స్వర్గం గుమ్మం దాకా నడిచిందీ కుక్కే.. మరి మా బిస్కట్ చేసిన పాపమేంటని అడగాలనిపించింది. కానీ ఆ పూజారిగారు పళ్ళెం పట్టుకుని పార్కింగు దాకా వచ్చారు. మావాడికి తీర్థం ఇచ్చి, బిస్కట్‌ని చూసి, “దీనికి కొబ్బరిముక్క పెట్టొచ్చా బాబూ?” అని అడిగారు. డ్యూటీలో ఉంది, వద్దండీ అన్నాను. సరేనన్నారు. ఆయన కాదన్నది నా మొహం మీద, ఒక కారణం చెప్పి. దాంతో నేను వాదించగలను, ఏదో రోజు ఒప్పించగలను కూడా. దొంగ కోటువాడితో ఏం వాదించను? వాడు నాకు జై కొడుతూనే నా కాళ్ళ కింద నేల తవ్వేస్తున్నాడు.

ఈ హక్కు ఎవరో ఉత్తినే ఇచ్చింది కాదని కూడా తెలుసుకోండి. 2009లో మిషిగన్‌లో ఎలీనా ఫ్రై అనే ఐదేళ్ళ పాపకి సెరిబ్రల్ పాల్సీ. తలుపులు తీసిపెట్టడానికీ, కింద పడ్డవి అందివ్వడానికీ ‘వండర్’ అనే సర్వీస్ కుక్కని తెచ్చారు తల్లిదండ్రులు. బడివాళ్ళు వద్దన్నారు. మనిషిని ఇచ్చాం కదా, కుక్కెందుకు అన్నారు. ఆ పోరాటం కింది కోర్టులన్నీ తిరిగి 2017 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు దాకా వచ్చింది. ఎనిమిదిమంది న్యాయమూర్తులూ ఒకే మాట చెప్పారు.. గొడవ చదువు నాణ్యత గురించి కాక వివక్ష గురించి అయితే, ముందు ప్రత్యేక విద్య చట్టంలోని విచారణలన్నీ పూర్తిచేసి రావాల్సిన పని లేదని. తీర్పు వచ్చేసరికి ఆ కిండర్‌గార్టెన్ పాప టీనేజిలోకి వచ్చేసింది. ఆ పాప దారి వేసింది కాబట్టి ఇవాళ మావాడి బళ్ళో బిస్కట్ గురించి మీటింగు ఒక్కటే ఒక్క గంటలో అయిపోయింది. అలాంటి దారి మీద బురద చల్లుతున్నారు మీరు, నెలకి ముప్ఫై డాలర్ల పెట్ రెంట్ మిగుల్చుకోవడానికి!

తిట్టింది చాలు. చెయ్యాల్సింది కూడా చెప్తా.

మీ కుక్క మీకు ప్రాణమని నాకు తెలుసు. పార్కుకి తీసుకెళ్ళండి, కుక్కల్ని రానిచ్చే కొట్లు చాలా ఉన్నాయి, వాటికి తీసుకెళ్ళండి. మిగతా చోట్లకి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉంచండి. మీకు నిజంగా మానసికమైన జబ్బు ఉండి, కుక్క అవసరమని డాక్టరు చెబితే, దానికి పని నేర్పించండి. అప్పుడు అది కూడా మా బిస్కట్ లాంటిదే, మీ వెనక నేను నిలబడతాను. సర్వీస్ కుక్క ఎదురైతే దాన్ని పిలవకండి, నిమరకండి, తిండి పెట్టకండి, ఫొటోల కోసం చిటికెలు వెయ్యకండి. మీ పిల్లలకీ చెప్పండి. పలకరించాలనుంటే మమ్మల్ని పలకరించండి. ‘బాబుకి ఏమైంది పాపం’ అని కాకుండా ‘బాబు పేరేంటి’ అని మొదలుపెట్టండి. వాడు జవాబు చెప్పకపోవచ్చు. వింటాడు మాత్రం.

ఇక ఆ కుర్రాడికి. తమ్ముడూ, ఆ రోజు నువ్వడిగిన దానికి నేను సమాధానం చెప్పలేదు, నోట మాట రాలేదు. ఇప్పుడు చెప్తున్నా. మా కోటు మేం కొనలేదు. రెండేళ్ళు శిక్షణ పొంది, పరీక్షలు పాసై బిస్కట్ సంపాదించుకుంది. మీ బొచ్చుకుక్కది ఈ రాత్రికి విప్పెయ్యి. దానికీ ఉక్కపోత తగ్గుతుంది.